పోయి రా తల్లీ

స్కూలుకు పంపే ముందు కూతురు పద్మకు జడ వేస్తుంటే, దువ్వెన మెడ వెనక గుంట దగ్గరికి రాగానే సౌభాగ్య చేయి నెమ్మదిస్తుంది. అక్కడ తలుపు కాసే దర్వాను కూర్చుంటాడు. అందరి తలలకూ ఉన్నట్టే పద్మ తలకూ ఒకడు, కందిగింజంత మనిషి. నెత్తురులో వచ్చేపోయేవాళ్లను చూసి, మెదడులోకి ఎవరిని రానివ్వాలో వాడే తేలుస్తాడు. నాంపల్లి స్టేషన్ వెనక వాళ్ల కిరాయి ఇంట్లో, వాడికి దువ్వెన తగిలితే పిల్లకు తలనొప్పి వస్తుందన్న జాగ్రత్త తప్ప వాడి గురించి ఎవరికీ ఇంకే ఆలోచనా లేదు.

పోలీసు యాక్షన్ జరిగిన మూడో ఏడు ఎండాకాలం పద్మకు తట్టు పోసింది. సౌభాగ్య అత్త యాదవ్వ గుమ్మానికి వేపమండలు కట్టింది. ఆ ఇంట్లో జబ్బు పేరెత్తరు, తల్లి వచ్చిందంటారు. వచ్చిన తల్లిని పొమ్మనడం మహా అపచారం. తొమ్మిదో రోజు వేపాకు నీళ్లు పోసి, సౌభాగ్య కూతురి తల మీద చేయి పెట్టి, "పోయి రా తల్లీ" అని సాగనంపింది.

దర్వాను మర్యాదస్తుడు. మళ్లీ రమ్మన్నారు కదా అని తలుపు తెరిచే ఉంచాడు.

మూడు రోజులకు జ్వరం తిరగబెట్టింది. పద్మ చెంచాను పిల్లి అంది, గదిలో లేనివాళ్లతో మాట్లాడింది, తర్వాత కాళ్లూ చేతులూ కొట్టుకుంది. ఆబిడ్స్ నుంచి వచ్చిన డాక్టరు బాలకిషన్ పిల్ల మెడ వెనక చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. వైరస్ అనే కంటికి కనపడని తట్టు పురుగు తెరిచిన తలుపులోంచి మెదడులోకి దూరిందనీ, ఇంకా దూరుతోందనీ, దానికి తన దగ్గర మందు లేదనీ చెప్పాడు.

"ఎవరు రమ్మన్నరో వాళ్లే పొమ్మనాలె. దర్వాను గొంతు గుర్తువడ్తడు" అన్నాడు.

యాదవ్వ కోడలి చేయి పట్టుకుంది. "గట్లనకు బిడ్డా. తల్లికి కోపమొస్తది."

"రానియ్యి అత్తమ్మా."

సౌభాగ్య చేయి విడిపించుకుంది. వంగి, పిల్ల మెడ దగ్గర నోరు పెట్టి అంది. "పో. మళ్ల రాకు."

లోపల గొళ్లెం పడ్డ చప్పుడు ముగ్గురికీ వినిపించింది.

వారంలో పద్మ లేచి కూర్చుంది. చెంచాను చెంచా అంది. ఎక్కాలు ఒక్కటీ మరవలేదు. వీధిలో రిక్షావాడి కేక వింటుంది, పంపు నీళ్ల చప్పుడు వింటుంది, తల్లి పక్కనే నిలబడి పిలిస్తే మాత్రం తల తిప్పదు. ఒకసారి రమ్మని ఒకసారి పొమ్మన్న ఆ గొంతును దర్వాను ఇక నమ్మలేదు. దాన్నీ బయటే ఆపేశాడు.

ఒక పొద్దున పద్మ యాదవ్వ ఒడిలో తల పెట్టుకుని అడిగింది. "నానమ్మా, అమ్మ ఉత్తగ నోరు కదుపుతది, మాట్లాడదేంది? నా మీద కోపమా?"

పక్కనే కూర్చున్న సౌభాగ్య "లేదు బిడ్డా, లేదు" అంటూనే ఉంది.