వచ్చే నెల చూద్దామన్న గ్లౌజు

మంగళవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు ఒడెట్ దుకాణం షట్టరు పైకెత్తి, గుమ్మం ముందు రాళ్ళ మీద బకెట్టు నీళ్ళు కుమ్మరించి, చీపురుతో వీధి కాలవలోకి తోసింది. లిస్బన్ పాత బజారులో, ఫంకైరుష్ వీధిలో, పదిహేనో ఏట పనిపిల్లగా చేరినప్పటి నుంచీ ఆమె రోజూ చేస్తున్న పని ఇది. యజమాని పోయాక దుకాణం ఆమెకే మిగిలింది. ఇప్పుడామెకు అరవై దాటాయి. పాత ఖాతాదారులు మాత్రం ఇంకా ‘అమ్మాయ్’ అనే పిలుస్తారు.

దుకాణం వెడల్పు ఒక మనిషి రెండు చేతులూ చాచినంత. మేకపిల్ల తోలు గ్లౌజులు తప్ప అందులో మరో సరుకు లేదు. కొనడానికి వచ్చినవాళ్ళు బల్ల మీదున్న మఖమలు దిండు మీద మోచెయ్యి ఆనించి, చెయ్యి నిటారుగా పెట్టాలి. ఒడెట్ గ్లౌజు వేళ్ళను చెక్క పట్టకారుతో సాగదీసి, లోపల కాస్త పౌడరు చల్లి, ఒక్కో వేలే కిందికి దువ్వుతూ తొడుగుతుంది. ఎప్పుడూ ఎడమచేతికే తొడిగి చూపిస్తుంది. కుడిచెయ్యి పర్సు తియ్యడానికి ఖాళీగా ఉండాలని పాత యజమాని పెట్టిన పద్ధతి అది.

తొడిగి చూసుకుని, మనసుపడి, ఏ కారణం చేతనో కొనకుండా వెళ్ళిపోయినవాళ్ళ గ్లౌజుల్లో వాళ్ళ చెయ్యి ఉండిపోయేది. అలాంటివాటిని కిటికీ పక్కనున్న పై సొరుగుల్లో విడిగా పెట్టేవారు. సొరుగు లాగితే గ్లౌజు నిండుగా, వెచ్చగా ఉండేది. పట్టుకుంటే తిరిగి పట్టుకునేది. పియానో పాఠాలు చెప్పుకునే ఒకావిడ గ్లౌజు వాన పడ్డప్పుడల్లా సొరుగు అడుగున వేళ్ళు ఆడించేది. ఒక సుంకం అధికారిది ఎప్పుడు చూసినా అరచెయ్యి పైకి పెట్టుకునే ఉండేది. వాటిలో దేన్నయినా ఎవరైనా డబ్బు కట్టి తీసుకుపోతే వీధి మలుపు తిరిగేలోపే ఉత్త తోలైపోయేది. ఇది వీధిలో అందరికీ తెలిసిన సంగతే. చనిపోయినవాళ్ళ తాలూకు మనుషులు అప్పుడప్పుడు వచ్చి, కుర్చీ లాక్కుని, కాసేపు ఆ చెయ్యి పట్టుకుని కూర్చుని వెళ్ళేవాళ్ళు. అంతసేపూ ఒడెట్ కిటికీ అద్దం తుడుచుకునేది.

ఊరు చూడడానికి వచ్చినవాళ్ళకు పంచే కరపత్రంలో, గుండీలు ఏ వీధిలో దొరుకుతాయో, సబ్బులెక్కడ కొనాలో, కొవ్వొత్తుల దుకాణం ఏ చర్చి వెనకుందో వివరంగా రాసి ఉంటుంది. ఒడెట్ దుకాణం గురించి ‘మేలైన తోలు, ఓపికగా చూపిస్తారు’ అని ఒక వాక్యం ఉంది. పై సొరుగుల మాట లేదు. అవి అమ్మకానికి పెట్టినవి కావు.

ఆ మంగళవారం గుమ్మం తడి ఆరకముందే బెల్మీరు వచ్చాడు. రొస్సియు కూడలిలో ఒక కాఫీ హోటల్లో నలభై ఏళ్ళు సర్వరుగా పనిచేసి రిటైరైన మనిషి. భుజాన తువ్వాలు లేకపోయినా ఉన్నట్టే, ఎడమ మోచెయ్యి నడుముకు ఆనించి నడుస్తాడు. ఒడెట్ పలకరించి, అడక్కుండానే మూడో సొరుగు లాగింది. ముదురు ద్రాక్షరంగు గ్లౌజు తీసి దిండు మీద పెట్టింది. బెల్మీరు టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని చెయ్యి అందించాడు. గ్లౌజు దాన్ని పట్టుకుంది. బొటనవేలు నెమ్మదిగా జరిగి, ఆయన వేలి కణుపు మీద ఎప్పుడో కాఫీ యంత్రం ఆవిరికి కాలిన మచ్చను వెతుక్కుని, దాని మీద అటూ ఇటూ తిరగసాగింది.

అది ఆయన భార్య గ్రాసియెట్ చెయ్యి. 1987 చలికాలంలో ఇద్దరూ ఈ దుకాణానికి వచ్చారు. ఆమె అప్పుడు లాండ్రీలో పనిచేసేది. సోడా నీళ్ళకు వేళ్ళు ఎర్రగా ఉబ్బి, అక్కడక్కడా చిట్లి ఉండేవి. ఒడెట్ గ్లౌజు తొడిగాక ఆమె చాలాసేపు ఆ చేతినే చూసుకుంది. బెల్మీరు ధర అడిగి, ‘వచ్చే నెల చూద్దాంలే’ అన్నాడు. ఆమె సరేనని తీసి ఇచ్చేసింది. వచ్చే నెల ఇంట్లో ఇంకేదో ఖర్చు వచ్చింది. ఆ పై నెల చలి తగ్గింది.

పై సొరుగుల్లోని చేతుల్లో చాలావాటి మనుషులు పోయారు. గ్రాసియెట్ పోలేదు. నదికి అవతల, బరైరులో ఒక వృద్ధాశ్రమంలో ఉంది. మూడేళ్ళ కిందట మరుపు మొదలైంది. ముందు వీధుల పేర్లు, తర్వాత వంటలు, ఆ తర్వాత మనుషులు. పోయిన శరదృతువులో ఒకరోజు బెల్మీరు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోబోతే విసిరికొట్టి, దొంగ, దొంగ అని అరిచింది. హాలంతా తిరిగి చూసింది. ఆ తర్వాత రెండుసార్లు వెళ్ళాడు. రెండుసార్లూ అంతే. నవంబరు నుంచి ఆయన పడవ ఎక్కడం మానేశాడు. మంగళవారం, శుక్రవారం ఇక్కడికి వస్తున్నాడు.

ఆ ఉదయం ఒడెట్ అద్దం తుడవలేదు. ఎదురుగా వచ్చి నిలబడింది. భవనం మొత్తం హోటలు కట్టేవాళ్ళు కొన్నారని, మార్చి ఆఖరు శనివారానికి, అంటే ఈ శనివారానికే, దుకాణం ఖాళీ చెయ్యాలని చెప్పింది. సరుకంతా పోర్తు నగరంలో ఒక నాటక సంస్థ వాళ్ళు దుస్తుల గదికి తీసుకుంటున్నారు. పై సొరుగుల సంగతి వీధిలో తెలిసిన ప్రతి ఇంటికీ ముందే కబురు పెట్టింది, బెల్మీరుకు చెప్పడమే వాయిదా వేస్తూ వచ్చింది. కొందరు వచ్చి చివరిసారి పట్టుకుని వెళ్ళారు. కొందరు ఉత్త తోలైనా సరే అని కొనుక్కుపోయారు.

 తాను కొనుక్కుంటే ఏమవుతుందో తెలిసే బెల్మీరు అడిగాడు.

“నాకు అమ్మకు, అమ్మాయ్. ఊరికే ఇచ్చెయ్.”

“ఊరికే ఇచ్చినా అంతే. మా యజమాని వాళ్ళ అక్కకి ఒకసారి ఇచ్చి చూశాడు. గుమ్మం దాటగానే ఉత్త తోలైపోయింది.”

“మరి నేనేం చెయ్యాలి?”

“అవతలి ఒడ్డున ఇంకో చెయ్యి ఉంది కదా.”

“అది నన్ను ఎరగదు,” అన్నాడు బెల్మీరు. “ఇది ఎరుగుతుంది.”

గ్లౌజు అప్పటికీ మచ్చ మీద బొటనవేలు రాస్తూనే ఉంది.

పక్కనే గుండీల దుకాణం నడిపే ఫౌస్తీను అప్పుడే సిగరెట్టుకు బయటికొచ్చి తలుపులోంచి చూశాడు. వీధిలో ఎవరు ఎవరితో ఏం మాట్లాడినా అందులో తనకో వాటా ఉందనుకునే మనిషి. అతని దుకాణమూ పోతోంది. విషయం విని, పదమూడేళ్ళ కాపురంలో తన భార్య తన చెయ్యి పట్టుకున్నది జీతం రోజున మాత్రమేనని, దాన్ని ఎవరైనా సొరుగులో పెట్టి తాళం వేస్తే బావుండేదని అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతనే కాసేపు సిగరెట్టు కాల్చి, ఆవిడనే ఇక్కడికి తీసుకురారాదా, అన్నాడు.

బెల్మీరు తల అడ్డంగా ఊపాడు. వీధి మధ్యలో దొంగ అని అరిస్తే తాను తట్టుకోలేనన్నాడు. హోటల్లో నలభై ఏళ్ళలో ఒక్క చెంచా కూడా ఇంటికి తెచ్చుకోలేదని చెప్పాడు. ఒడెట్ గ్లౌజు తీసి సొరుగులో పెట్టేటప్పుడు ఎప్పటికంటే ఎక్కువసేపు పట్టింది. ఆ చెయ్యి వదలలేదు. వేళ్ళు ఒక్కొక్కటిగా విడదియ్యాల్సి వచ్చింది.

శుక్రవారం బెల్మీరు రాలేదు. ఆ మర్నాడు, దుకాణానికి ఆఖరి రోజున, మధ్యాహ్నం వచ్చాడు. వెనకే ఆశ్రమంలో పనిచేసే జందీరా, ఆమె మోచేతిని ఆనుకుని గ్రాసియెట్. జందీరా కేప్ వెర్డ్ దీవుల మనిషి, పొడగరి, నిదానస్తురాలు. రేవు నుంచి అడుగులో అడుగేసుకుంటూ నడిపించుకొచ్చింది. బెల్మీరు వాళ్ళకు నాలుగు గజాల ముందు, వాళ్ళెవరో తనకు తెలియనట్టు నడిచాడు. దగ్గరికి రావొద్దని పడవలోనే గ్రాసియెట్ కసిరిందట.

దుకాణంలో అప్పటికే సగం సొరుగులు ఖాళీ. అట్టపెట్టెలు గోడ పొడవునా పేర్చి ఉన్నాయి. గ్రాసియెట్ గుమ్మంలో ఆగి, గోడలు, దిండు, ఒడెట్ ముఖం చూసింది.

“ఇక్కడ అన్నీ ఖరీదేనమ్మా,” అంది జందీరాతో, గొంతు తగ్గించి. తర్వాత మూలనున్న బెల్మీరును చూసి పర్సు గుండెలకు అదుముకుంది. “ఆయనెవరు? మన వెనకే వస్తున్నాడు.”

“ఆయనా కొనుక్కోవడానికే వచ్చారు, బామ్మా. కూర్చోండి,” అంది జందీరా.

కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే ఎడమ మోచెయ్యి దిండు మీద ఆనించి, చెయ్యి నిటారుగా పెట్టింది. ఒడెట్ ఒక్క క్షణం ఆగింది. లోపల ఒక చెయ్యి ఉన్న గ్లౌజును ఆమె ఏనాడూ ఎవరికీ తొడగలేదు. లోపలున్నది ఈ మనిషి చెయ్యే అయినా, పట్టే చోటు ఉంటుందో లేదో తెలియదు. పౌడరు చల్లింది. పట్టకారు తియ్యలేదు. చిటికెన వేలి నుంచి మొదలుపెట్టింది. కిక్కిరిసిన ట్రాములో మనుషులు కాస్త ఒత్తిగిలి ఇంకొకరికి చోటిచ్చినట్టు, లోపలి చెయ్యి కాస్త ఒత్తిగిలింది. వేళ్ళు దిగాయి. గుండీ పడింది. వయసుకు కణుపులు లావెక్కినా ఎక్కడా ముడత లేదు.

గ్రాసియెట్ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత కిటికీ వైపు తిరిగి, వీధిలో పోయేవాళ్ళ గురించి జందీరాతో ఏదో చెప్పసాగింది. ఆమె అటు మాట్లాడుతూండగానే ఎడమచెయ్యి దిండు మీంచి లేచి, ఒడెట్‌ను దాటి, మూలకు చాచుకుంది. బెల్మీరు కదల్లేదు. చెయ్యి గాల్లో ఎదురుచూసింది. ఒడెట్ ఆయన వీపు మీద తట్టి ముందుకు నెట్టింది. ఆయన వేళ్ళు అందించాడు. గ్లౌజు పట్టుకుంది. బొటనవేలు మచ్చను వెతుక్కుంది.

గ్రాసియెట్ వెనక్కి తిరిగి చూడలేదు. అరవనూ లేదు. కాసేపటికి ధర ఎంతని అడిగింది. ఒడెట్ 1987 నాటి ధర, యూరోలు రాకముందు నడిచిన ఎస్కూదోల్లోనే చెప్పింది.

“మా ఆయన్ని అడగాలి,” అంది గ్రాసియెట్. “ఆయన వచ్చే నెల చూద్దామంటాడు. మంచివాడే, కాస్త చెయ్యి బిగువు.”

బెల్మీరు టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

సాయంత్రం పడవకు వేళవుతోందని జందీరా గుర్తుచేసింది. గ్లౌజు తియ్యబోతే చెయ్యి బెల్మీరును వదల్లేదు. గ్రాసియెట్ కూడా తియ్యనివ్వలేదు. మోచెయ్యి వెనక్కి లాక్కుని చిన్నపిల్లలా ముఖం ముడుచుకుంది. డబ్బు తీసుకుంటే మలుపులోనే ఉత్త తోలైపోతుంది. ఊరికే ఇచ్చినా అంతే. పోర్తు వాళ్ళ బండి ఆరింటికి వస్తుంది. బెల్మీరు ఒడెట్ ముఖంలోకి చూశాడు.

పాతకాలంలో నమ్మకమైన ఖాతాదారులకు సరుకు ఇంటికిచ్చి పంపేవారు. ఇంట్లో చూసుకుని, నచ్చితే డబ్బు కట్టడం, లేకపోతే తెచ్చి ఇచ్చెయ్యడం. అమ్మినట్టూ కాదు, ఇచ్చినట్టూ కాదు. ఆ పద్ధతి పోయి చాలా ఏళ్ళయింది. ఒడెట్‌కు గుర్తొచ్చింది.

“పట్టుకెళ్ళండమ్మా,” అంది గ్రాసియెట్‌తో. “మీ ఆయనకు చూపించండి. ఆయన ఏదో ఒక మాట చెప్పేదాకా ఇది దుకాణానిదే.”

ముగ్గురూ రేవు వైపు నడిచారు. ఈసారి బెల్మీరు ఆమె పక్కనే, అరడుగు వెనగ్గా నడిచాడు, గ్లౌజు చెయ్యి పట్టి ముందుకు లాగుతుంటే. ఒడెట్ గుమ్మంలో నిలబడి మలుపు దాకా చూసింది. మలుపు దగ్గర ఆ చెయ్యి నిండుగానే ఉంది. ఫౌస్తీను కూడా చూశాడు. ఆరింటికి బండి వచ్చింది. షట్టరు కిందికి లాగి, తాళం హోటలు వాళ్ళ మనిషికి ఇచ్చి ఒడెట్ ఇంటికి వెళ్ళింది.

పై వారం ఆమె ఇల్లు సర్దుకుంటూ గడిపింది. ఆ తర్వాతి సోమవారం ఉండబట్టలేక ఆశ్రమానికి ఫోను చేసి జందీరాను అడిగింది. జందీరా ముందు క్షమాపణ చెప్పింది. గ్లౌజు ఆ రాత్రే పోయిందట. స్నానం చేయించేటప్పుడు తీశారు. ఎవరో చూసుకోకుండా తువ్వాళ్ళతో కలిపి ఉతుకుడు యంత్రంలో వేశారు. బొమ్మకు తొడిగేంత చిన్నదై బయటికొచ్చింది. డబ్బు తాను కడతానంది.

ఒడెట్ డబ్బు మాట వదిలెయ్యమంది. బెల్మీరు ఎలా ఉన్నాడని అడిగింది.

రోజూ మొదటి పడవకే వస్తున్నాడని జందీరా చెప్పింది. మొదటి రోజు గ్లౌజు లేదని తెలిసి, గది బయటే ఆగిపోయాడట. ఆవిడ ఎడమచెయ్యి దానంతటదే చాచిందట. అప్పటి నుంచి చీకటి పడేదాకా ఆవిడ ఆయన చెయ్యి వదలడం లేదు. ఆయన పేరు మాత్రం ఆవిడకు తెలియదు. దుప్పటి లాక్కుని ఇద్దరి చేతులూ కనపడకుండా కప్పేస్తుంది.

“చలికా?” అని అడిగింది ఒడెట్.

“చలికి కాదు. ‘మా ఆయన ఏ క్షణమైనా వస్తాడు, చూస్తే బాధపడతాడు’ అంటుంది. ఈయనేమో, మీ ఆయన వస్తే ముందే చెబుతానని ఆవిడకి మాటిచ్చాడు. అందుకే కుర్చీ తలుపు వైపు తిప్పుకుని కూర్చుంటున్నాడు.”