శాంపిల్ కుండీ

వీధి మొగలో ఉన్న పూలమళ్ళలో కలుపు తీయించే పెత్తనం ల్యాబమ్మకు ఎవరూ ఇవ్వలేదు. ఆవిడే తీసుకుంది. వీధి సంఘం మీటింగులో ప్రెసిడెంటు నోరు తెరిచాడో లేదో, "నేను చూసుకుంటాను" అని ముగించేసింది. ఉద్యోగమంతా ఆస్పత్రి ల్యాబులో మైక్రోస్కోపుకు కన్ను ఆనించి గడిపిన మనిషి. రిటైరయ్యాక చూడటానికి క్రిములు లేక మనుషుల్ని చూస్తోందని వీధిలో అనుకునేవారు. ఆవిడ చెవిన పడేంత దూరంలోనే అనుకునేవారు.

మళ్ళు వీధివాళ్ళందరివీ. మట్టిలో పూలదుంపలు పాతి, వాటి మధ్య అడవిపూల విత్తనాలు చల్లారు. దుంపలు ముందు పూసి వాడిపోతే, ఆ ఖాళీని అడవిపూలు అందుకోవాలని ఆశ. చిక్కల్లా కలుపుతోనే. పారతో గీకితే దుంపలు తెగుతాయి. మందు కొడితే మంచీ చెడూ కలిసి చస్తాయి. కాబట్టి మోకాళ్ళ మీద కూచుని చేత్తో పీకాల్సిందే. అయితే ఏది పీకాలి? రెండాకుల వయసులో పూలమొక్కా కలుపుమొక్కా చూడటానికి ఒక్కలాగే ఉంటాయి.

దానికి ల్యాబమ్మ ఒక ఉపాయం చేసింది. అవే విత్తనాలు ఒక కుండీలో వేసి తన కిటికీలో పెట్టింది. దాని పేరు శాంపిల్. కుండీలో మొలిచినదానిలా ఉంటే ఉంచాలి, లేకపోతే వేరూ మట్టీ అంతా ఊడివచ్చేలా పీకి పంపుగది వెనక కుప్పలో పడేయాలి. ఇదీ రూలు. వీధి మొత్తం బుద్ధిగా ఒక్కో ఆకు పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చి పోల్చుకుని వెళ్ళేది.

పోల్చుకోనిది ఒక్కర్తే. ల్యాబమ్మ తోటికోడలు. మరిది పెళ్ళాం, బడిలో సంగీతం టీచరు. పక్క పక్క ఇళ్ళు, మధ్య ఒక్క గోడ. ఇద్దరూ ఒకే అత్తగారి దగ్గర తిట్లు తిన్నవాళ్ళు కాబట్టి తోబుట్టువులకన్నా దగ్గర. అలాంటి మనిషి ఒక ఉదయం మడిలో కూచుని, శాంపిల్‌లో ఉన్న మొక్కనే గుప్పెడు పీకేసింది.

"కళ్ళున్నాయా నీకు? కుండీలో ఉన్నది ఇదేగా," అంది ల్యాబమ్మ.

"అయితే కుండీలో ఉన్నదే కలుపేమో అక్కా."

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. ల్యాబమ్మకు ఒళ్ళు మండిపోయింది. తన శాంపిల్‌ని, అదీ అందరి ముందు, అదీ సొంత మనిషి అనడం!

"పాటలు చెప్పుకోవడం వేరు, ఇది వేరు. రేపట్నుంచి నువ్వు మళ్ళలో కాలు పెట్టకు," అంది.

చిన్నకోడలు చేతికున్న మట్టి దులుపుకుని వెళ్ళిపోయింది. ఆ పోవడం పోవడం మళ్ళీ మాట్లాడలేదు. గోడ అవతల హార్మోనియం మాత్రం మునుపటికన్నా గట్టిగా మోగేది. రెండు రోజుల్లో తనే వస్తుందిలే అనుకుంది ల్యాబమ్మ. వారాలు గడిచాయి. వీధిలో ఎవరి గుట్టు తెలిసినా చెప్పుకోవడానికి మనిషి లేక కడుపు ఉబ్బిపోయేది. ఇంట్లో మొగుడున్నాడు గానీ, ఆయనకు చెప్పినా గోడకు చెప్పినా ఒకటే. చిన్నది లేకపోతే తనకు తోచదన్న సంగతి ఆవిడకు బాగా తెలిసొచ్చింది. అలాగని వెళ్ళి పలకరిస్తే శాంపిల్ తప్పని ఒప్పుకున్నట్టు కాదూ? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

దుంపలు పూశాయి, వాడాయి. అడవిపూల వంతు వచ్చింది. మళ్ళు పచ్చగా, నడుమెత్తు పెరిగాయి గానీ కంటికి ఆనే పువ్వు ఒక్కటీ లేదు. "కొన్ని జాతులు నిదానం," అంది ల్యాబమ్మ. చివరికి కాయలు కాశాయి. ముళ్ళకాయలు. దారిన పోయేవాళ్ళ బట్టలకు అంటుకునేవి. ప్రెసిడెంటుగారి కుక్క వాటిలో పొర్లి, ఒంటినిండా కాయలతో వెళ్ళి ఆయన కొత్త సోఫాలో పడుకుంది. ఆయన బట్టలకంటిన కాయలు పీక్కుంటూ వచ్చి అడిగితే, "విత్తనాల కంపెనీ మోసం చేసినట్టుంది," అంది ల్యాబమ్మ. చెబుతూ భుజాలు తడుముకుంది.

ఆ సాయంత్రం చెత్త పారెయ్యడానికి పంపుగది వెనక్కి వెళ్ళి కొయ్యబారిపోయింది. కుప్ప విరగబూసి ఉంది. ఎరుపు, నీలం, పసుపు, పేరు తెలియని ఊదా. వీధి అంతా కలిసి మట్టితో సహా పీకి పారేసిన మొక్కలు, పంపు కారే తడికి అక్కడే వేరూని, హాయిగా పూశాయి.

అప్పుడు వెలిగింది ఆవిడకు. కుండీలోకి మట్టి ఎక్కడిది? బద్ధకించి మడిలోదే తెచ్చి నింపింది. విత్తనాలు మురిగిపోయాయి, మట్టిలో ఉన్న కలుపు మొలిచింది. దాన్ని చూపించి ఊరందరిచేతా పూలు పీకించి, కలుపు పెంచింది. ల్యాబులో కడగని సీసాలో శాంపిల్ పట్టిన ట్రైనింగు పిల్లల్ని తను ఎన్ని మాటలనేదో గుర్తొచ్చి చెవులు ఎర్రబడ్డాయి.

ఇంటికెళ్ళి కొడవలి తెచ్చింది. ఎవరి కంటా పడకముందే కుప్ప మొత్తం కోసేస్తే, నింద కంపెనీ మీదే ఉండిపోతుంది. తిరిగొచ్చేసరికి అక్కడ చిన్నకోడలు ఉంది, చేతిలో నీళ్ళ బకెట్‌తో. ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడిపోయారు.

"కొడవలెందుకు?" అంది చిన్నది. ఇన్ని నెలల తర్వాత మొదటి మాట.

"నీళ్ళెందుకు?"

"నేనే ముందడిగా."

"కోసేద్దామని," అంది ల్యాబమ్మ. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "నువ్వు ఆ రోజే చెప్పావు. నీకెలా తెలిసింది?"

"తెలిసింది నా మొహం. నిన్ను ఉడికిద్దామని నోటికొచ్చింది అన్నా. ఇవి ఇక్కడ పూస్తున్నాయని మొన్న చూశా. ఇంకా బాగా పూయాలని రోజూ పోస్తున్నా. ఆదివారం అందర్నీ తీసుకొచ్చి చూపించి, నీ పరువు కాస్తా తీసేద్దామని."

ల్యాబమ్మ కొడవలి కింద పడేసింది. "ఆదివారం దాకా ఎందుకు? ఇప్పుడే పిలు."

చిన్నది బకెట్ దించి తటపటాయించింది. "వద్దులే. కోసేయ్. నేనెవరికీ చెప్పను."

"నీ పరువు నలుగురి ముందు తీశాగా. ఇది మాత్రం చాటుగా అయితే ఎలా? పిలు."

గొంతున్న మనిషి కదా, ఒక్క కేకకు వీధి దిగివచ్చింది. ల్యాబమ్మ ఏదీ దాచలేదు. కుండీలోదే కలుపని, ఆ సంగతి అన్నందుకే తోటికోడల్ని మళ్ళలోంచి గెంటానని, తప్పు తనదేనని చెప్పింది. ప్రెసిడెంటు సోఫాను తలుచుకుని గొంతు సవరించుకున్నాడు. వచ్చే ఏడు పెత్తనం సంగీతం టీచరుకిద్దాం అన్నాడు.

"నాకొద్దు," అంది చిన్నకోడలు. "మా అక్కే ఉండాలి. ఆవిడ పీకమన్నవి ఉంచుకుని, ఉంచమన్నవి పీకేద్దాం. ఇంతకన్నా నమ్మకమైన మనిషి మనకు దొరకదు."

వీధి పగలబడి నవ్వింది. ల్యాబమ్మకు తల కొట్టేసినట్టయింది. అయినా కళ్ళలో తిరిగిన నీళ్ళు అవమానానివి కావు. పక్కకు జరిగి తోటికోడలి చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్ళుగా కడుపులో దాచుకున్న వీధి గుట్లన్నీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, అన్నిటికన్నా తాజాది గనక, ప్రెసిడెంటుగారి సోఫాతో మొదలుపెట్టింది.