బయట చాప

నేను ఒక తుంగచాపను. కొల్లేటి గట్టున నన్ను నేసినావిడ ఏ పెళ్ళిపందిట్లోనో పరుస్తారని ఆశపడింది. మాణిక్యాంబగారు కొని తెచ్చి వెనక వసారాలో మూలన పడేసింది. ఆ ఇంటి ఆడవాళ్ళు నెలసరిలో బయట కూర్చునేది నామీదే. మిగతా రోజుల్లో నేను తగిలితే స్నానం చేస్తారు. అయినా వాళ్ళకు పగటిపూట నడుం వాల్చే తీరిక దొరికేది ఆ మూడు రోజులూ నామీదే.

మాణిక్యాంబ కూతురు చంద్రిక మాత్రం నెలల తరబడి నా దగ్గరికి వచ్చేది కాదు. "మా పిల్లకు అమ్మవారే అడ్డు రానివ్వదు. శ్రావణమాసం పూజలన్నీ దాని చేతి మీదుగానే" అని తల్లి పేరంటాళ్ళ దగ్గర మురిసిపోయేది.

చంద్రిక మెడ నల్లబడింది. తల్లి మురికనుకొని సున్నిపిండితో రుద్దింది. గడ్డం మీద వెంట్రుకలు మొలిస్తే పసుపు పట్టించింది. ఒళ్ళు పెరిగితే తిండి తగ్గించింది.

"ఒకసారి డాక్టరమ్మకు చూపించవే అమ్మా" అని పిల్ల బతిమాలింది.

"పెళ్ళికాని పిల్లవి, ఆ గుమ్మం ఎక్కితే నలుగురూ ఏమంటారే? అమ్మవారి దయను రోగమంటావా?"

అమ్మవారూ ఆడదే కదా, ఆమె దయ ఇలా ఉంటుందా అని అడగాలనిపించింది. చాపకు నోరెక్కడిది?

ఉద్యోగంలో చేరాక చంద్రిక ఒక్కతే వెళ్ళి చూపించుకుంది. తిరిగొచ్చి వసారాలోనే నిలబడి తల్లిని పిలిచింది.

"పీసీఓఎస్ అట. ఒక్క అండాశయం సంగతి కాదట, ఒళ్ళంతా నడిపే హార్మోన్ల తేడా. నువ్వు రుద్దిన మెడ, పసుపు రాసిన గడ్డం, పెరిగిన ఒళ్ళు, రాని నెలసరి, అన్నీ దానివేనట. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక షుగరు అంచుదాకా వచ్చాను."

"నాకేం తెలుసు తల్లీ!"

"తెలియకపోవడం తప్పు కాదమ్మా. అడిగితే నోరు నొక్కావు. నా జబ్బును నీ పూజలకు వాడుకున్నావు."

మందులు వాడాక నెలసరి వచ్చింది. చంద్రిక తనే నన్ను దులిపి పరుచుకుంది. గడప అవతల మడిచీరలో నిలబడ్డ మాణిక్యాంబ గడప దాటి వచ్చి నా అంచున కూర్చుంది.

"లేమ్మా, మైల పడతావు. పూజ చెడుతుంది" అంది చంద్రిక, గోడవైపు తిరిగిపోతూ.

తల్లి లేవలేదు. ఇద్దరి బరువూ ఒకేసారి మోయడం నాకదే మొదలు. వాళ్ళ నడుమ మాత్రం ఇంకో మనిషి పట్టేంత ఖాళీ ఉంది.