గాజుపెట్టె దాహం

దీవిలో డైరీ ఫార్మ్ అనే పేటలో కుళాయి మూడు రోజులకోసారి వస్తుంది. వచ్చిన పూట ఆడవాళ్ళు పొయ్యి మీద అన్నం మాడిపోతున్నా డ్రమ్ములు నింపుతారు. నింపాక ఆ డ్రమ్ములు మగవాళ్ళవవుతాయి.

అలాంటి ఇంట్లో ఫ్రెడ్డీకి చేపల సరదా పుట్టింది. ముందుగదిలో గాజుపెట్టె పెట్టి, అడుగున ఇసక పరిచి, జెట్టీ నుంచి సముద్రపు నీళ్ళు డబ్బాలతో మోసుకొచ్చి పోశాడు. నీళ్ళు కుదుటపడ్డాక నారింజరంగు చేపల జత వదిలాడు. ఆదివారం ప్రార్థనకొచ్చిన వాళ్ళందరికీ చూపించుకున్నాడు.

పెట్టెలో నీళ్ళు కొంచెం కొంచెం తగ్గేవి.

"ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు లోపలే ఉండిపోద్ది. తగ్గినప్పుడల్లా మంచినీళ్ళు పొయ్యమని చేపలమ్మిన దుకాణం భయ్యా చెప్పాడుగా," అంది అతని భార్య రీనా.

"మనకే లేవు, చేపలకి మంచినీళ్ళా? సముద్రపు చేపకి సముద్రపు నీళ్ళే," అని ఫ్రెడ్డీ మళ్ళీ డబ్బా పట్టుకుని జెట్టీకి పోయాడు.

గాజు అంచున ఉప్పు తెల్లగా పేరుకుంది. చేపలు తిండి మానేసి, గాజుకి మూతులానించి వంటింటి వైపే చూసేవి. ఒక పొద్దున టీ ఉప్పగా ఉంది. తర్వాత కుండలో నీళ్ళు. ఆ తర్వాత డ్రమ్ము. పక్కింటి చిన్నమ్మి బిందెడు నీళ్ళు తెచ్చిస్తే గడప దాటగానే అవీ ఉప్పయ్యాయి.

"మీ పెట్టెకి దాహమేస్తంది రీనా. ఇంట్లో తీపంతా అదే లాగేస్తంది," అంది చిన్నమ్మి, వానొస్తుందని చెప్పినంత మామూలుగా.

ఫ్రెడ్డీ టీలో ఇంకో చెంచా చక్కెర వేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం నెలల పిల్ల ఫేబే రొమ్ము నోట పెట్టుకుని, మొహం చిట్లించి వదిలేసింది. రీనా ఒక చుక్క వేలి మీద పిండి నాలుకకి రాసుకుంది. ఉప్పు.

"డబ్బాపాలు తేనా?" అన్నాడు ఫ్రెడ్డీ.

"ఏ నీళ్ళతో కలుపుతావ్?"

అతను చెప్పులేసుకుని డ్యూటీకి పోయాడు. సాయంత్రానికి పిల్లకి ఏడ్చే ఓపిక కూడా పోయింది.

మర్నాడు కుళాయి వచ్చింది. రీనా డ్రమ్ము వైపు చూడలేదు. పైపు లాక్కొచ్చి గాజుపెట్టెలో పెట్టింది. నీళ్ళు వచ్చినంతసేపూ పెట్టె తాగింది, ఒక్క చుక్క పొర్లలేదు. కుళాయి ఆగాక పిల్లని ఒళ్ళో వేసుకుంది. ఫేబే గుటకలు వేసింది.

ఫ్రెడ్డీ వచ్చి ఖాళీ డ్రమ్ము చూశాడు.

"పాగల్ అయ్యావా? నా నీళ్ళు చేపలకి పోస్తావా?"

రీనా చిన్నమ్మి ఇచ్చిన గ్లాసెడు నీళ్ళు అందించింది. అతను గుక్క తాగి ఉమ్మేశాడు. ఉప్పు. మిగిలినవి రీనా తాగింది. తియ్యగా ఉన్నాయి.

అప్పట్నుంచి ఏం తాగినా అతని నోట్లో ఉప్పే. కొబ్బరిబొండం ఉప్పు, వాననీళ్ళు ఉప్పు. పెదాలు పగిలి నెత్తురొచ్చింది. ఆఖరికి ఒక పొద్దున గాజుపెట్టె మీద వంగి, మూతి పెట్టి తాగాడు.

"మీఠా ఉంది, తియ్యగా," అన్నాడు, బొంగురుపోయిన గొంతుతో.

ఇప్పుడతను తాగేవి ఆ నీళ్ళే. వంగినప్పుడు చేపలు పక్కకి జరిగి చోటిస్తాయి. నీళ్ళు తగ్గినప్పుడల్లా రీనా పిల్లని చంకనేసుకుని, డబ్బా పట్టుకుని జెట్టీకి పోతుంది. గాజు అంచున ఉప్పు మళ్ళీ తెల్లగా పేరుకుంటోంది.

"కాసిని మంచినీళ్ళు పొయ్యరాదూ, పాపం," అంది చిన్నమ్మి.

"మనకే లేవుగా," అంది రీనా.