పందొమ్మిది దగ్గర ఆగిన లైను

మొదట్లో పాండురంగారావు చేతిలో ఉన్నవి ఇవీ: బాపట్లలో ఒక కాలేజీ వేలంలో పాడుకున్న రెండు పాత యూనిక్స్ కంప్యూటర్లు, రెండు మోడెములు, తెనాలి గోడౌనులో ఒక ఫోను, రేపల్లె డిపోలో ఇంకో ఫోను, ఇరవై ఆరు రోజుల గడువు. లేనిదల్లా ఓపిక.

అతనిది రొయ్యల మేత వ్యాపారం. తెనాలిలో గోడౌను, రేపల్లెలోనూ బాపట్లలోనూ ఒక్కో డిపో. నిరుడు రేపల్లెలో మేత నిండుకుని రైతులు డిపో గుమ్మంలో నిలబడి తిట్టిపోస్తుంటే, అదే మేత బాపట్లలో ముక్కిపోయింది. సంగతి మేత తయారుచేసే కంపెనీ దాకా వెళ్ళింది. ఫోనులో నోటితో చెప్పే స్టాకు ఇక నమ్మమని వాళ్ళు ఉత్తరం రాశారు. తెనాలిలో కూర్చుని ఏ ఊరి స్టాకు కంప్యూటర్లో చూపించగలిగితే ఆ ఊరి ఏజెన్సీ ఉంటుంది, చూపించలేని ఊరు పొన్నూరులో ఇదే వ్యాపారం చేసే వీరరాఘవయ్యకు పోతుంది. తొంభై ఐదు ఆగస్టు ఇరవై నాలుగు, గురువారం, ఆఫీసరు వచ్చి చూస్తాడు.

యంత్రాలు రెండే కాబట్టి ముందు రేపల్లె చూసుకుందామనుకున్నాడు. బాపట్లలో కంప్యూటర్ ల్యాబు చూసే బర్నబాస్‌ను బతిమాలాడు. ఆయన సాయంత్రాలూ, ఆదివారం చర్చి అయ్యాకా రైలెక్కి వచ్చేవాడు. రెండు యంత్రాల సీరియల్ పోర్టులకు మోడెములు తగిలించి, ఫోను లైను మీద ఇంటర్నెట్ పద్ధతిలో మాట్లాడించాలి. ఆ ఏర్పాటుకు స్లిప్ అని పేరు. ఇంత పాత యూనిక్స్‌లో అది ఉండదు, తెచ్చి లోపలికి ఎక్కించాలి.

"ఏడు వైర్ల కేబుళ్ళు రెండు కావాలండి," అన్నాడు బర్నబాస్ మొదటి రోజే.

"ఏడెందుకండీ మాస్టారూ? మాట మోసేవి ఎన్ని?"

"పంపడానికి ఒకటి, అందుకోవడానికి ఒకటి, ఎర్తు ఒకటి. మూడు."

"మిగతా నాలుగూ కూర్చుని తింటాయా?"

"లైను ఉందో లేదో చూసుకోడానికి రెండండి. సరుకు అందుకోలేకపోతే 'ఆగు' అని, మళ్ళీ 'పంపు' అని చెప్పుకోడానికి రెండు."

"ఆ ముక్క మాట మోసే వైర్లోనే చెప్పుకోకూడదా?"

"చెప్పుకోవచ్చనుకోండి..."

"మరింకేం? మూడు చాలు."

బర్నబాస్ వైరు కొలిచి కత్తిరించాడు. మూడు వైర్లతోనే కేబుళ్ళు కట్టాడు.

తొమ్మిదో రోజున రేపల్లె నుంచి అక్షరాలు వచ్చాయి. అక్కడి డిపో గుమస్తా దేవకుమారి కొట్టిన 'వందనాలు' ఇంగ్లీషు అక్షరాల్లో తెనాలి తెర మీద పడింది. పాండురంగారావు అదే రోజు ముగ్గురికి ఫోను చేసి చెప్పాడు. పొన్నూరుకు చేరేలాగే చెప్పాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు కష్టం. స్టాకు పట్టీ పంపితే కొంత వచ్చి ఆగిపోతుంది. మళ్ళీ పంపితే మళ్ళీ అక్కడే. ఆగిందని చెప్పాలన్నా దేవకుమారి మోడెం కట్టేసి, అదే ఫోనులో పిలవాలి.

"మీ మెషీను మళ్ళీ అలిగిందండి," అనేది.

"నా మెషీను కాదమ్మా, అలిగింది నీ వైపుది."

"మాది బుద్ధిగానే ఉందండి. ఎటొచ్చీ తెనాలి గాలి తగిలితేనే మొండికేస్తంది."

బర్నబాస్ వేగం తగ్గించి చూశాడు. స్లిప్ పీకి మళ్ళీ ఎక్కించాడు. రోజులు మాత్రం ఆగలేదు. పాండురంగారావు గోడౌనులో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగేవాడు. కుర్చీలో కూర్చుని టీ పూర్తిగా తాగింది లేదు. ఉండబట్టలేక ప్యాసింజరెక్కి రేపల్లె పోయేవాడు, అక్కడా నిలవలేక అదే బండిలో తిరిగొచ్చేవాడు.

అయితే అతనికో అలవాటుంది. లాభం ఎలా వచ్చిందో మరిచిపోతాడు గాని, నష్టం ఏ వాకిట్లోంచి వచ్చిందో రాసిపెట్టుకుంటాడు. క్యాలెండరు వెనక, ఏ రోజు ఏ మేత దగ్గర లైను ఆగిందో రాస్తూ వచ్చాడు. ఇంకా రెండు రోజులుందనగా, మంగళవారం పొద్దున ఆ కాగితం చూస్తూ నడుస్తున్నవాడు టక్కున నిలబడ్డాడు. మేతలు వేరు, తేదీలు వేరు. ఆగిన చోట ఉన్నది మాత్రం పందొమ్మిది బస్తాలు, లేదా పదిహేడు. ఇంకో అంకె లేదు.

సాయంత్రం బర్నబాస్ రాగానే కాగితం ముందు పెట్టాడు.

"అంకెలకు మెషీను భయపడదండీ," అని నవ్వాడు బర్నబాస్.

"భయమో భక్తో, ఒకసారి చూడండి."

దేవకుమారి చేత ఉత్తుత్తి పట్టీలు పంపించారు. పద్దెనిమిది వచ్చింది. ఇరవై వచ్చింది. పందొమ్మిది దగ్గర ఆగింది.

బర్నబాస్ నవ్వు ఆగిపోయింది. "నేను రాసిన ప్రోగ్రాములో ఒక్కో అంకె ఒక్కో గుర్తుగా వెళ్తుందండి. పందొమ్మిదో గుర్తు..." అని తల పట్టుకున్నాడు. ఎందుకో అతనికి అప్పుడు అర్థం కాలేదు. ముందు ఒక పాత పుస్తకం చూడాలన్నాడు.

పాండురంగారావుకు మాత్రం వ్యాపారి ఉపాయం తోచింది. రేపల్లెకు ఫోను చేశాడు.

"అమ్మా, మూడో నంబరు మేత బస్తాలు ఎన్నున్నాయి?"

"పందొమ్మిదండి."

"ఒకటి తీసి బయట పెట్టించు. గురువారం దాకా పద్దెనిమిదే."

"సరేనండి. మరి ఆఫీసరు చూస్తుండగా ఇరవై ఉన్నదాంట్లో ఎవరన్నా ఒకటి కొంటే? నేను రైతు కాళ్ళు పట్టుకుని ఇంకోటి కొనమనాలా?"

అతను ఫోను పెట్టేశాడు. నిద్ర పోయిందనుకోవడానికి, అసలు ఆ వారం నిద్రే లేదు.

బుధవారం పొద్దున లారీ వచ్చింది. హమాలీలు బస్తాలు దించుతుంటే గోడౌను మేస్త్రి జమలయ్య గుమ్మం దగ్గర నిలబడి పాడినట్టు లెక్కపెడుతున్నాడు. మొదటి బస్తాకు ఒకటి అనడు, "లాభం" అంటాడు. తర్వాత రెండు, మూడు. లోపల వరస కూలేలా ఉంటే నోరు మెదపకుండా భుజం మీది తువ్వాలు పైకెత్తుతాడు. హమాలీలు ఆగుతారు. దించితే కదులుతారు.

"ఎన్నయ్యాయి జమలయ్యా?" అని పాండురంగారావు మధ్యలో అడిగాడు.

జమలయ్య తువ్వాలెత్తి అందరినీ ఆపి, గుర్రుగా చూశాడు. "లెక్కపెట్టే నోటితో ఇంకో మాట మాట్లాడిస్తే బస్తా పోద్దండి షావుకారు గారూ. అందుకేగా నేను గుడ్డతో ఆపేది."

ఆ మాట వింటూనే, సెలవు పెట్టి పుస్తకంతో దిగిన బర్నబాస్ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇదేనండి! వేరే వైరు లేదు కాబట్టి మన మోడెములు లెక్కపెట్టే నోటితోనే ఆగు, పంపు అనుకుంటున్నాయి. ఆగు అనడానికి పందొమ్మిదో గుర్తు, పంపు అనడానికి పదిహేడో గుర్తు. స్టాకులో ఆ అంకె వస్తే సరుకనుకోవు. ఆజ్ఞ అనుకుని మింగేస్తాయి."

"అయితే తువ్వాలు వేరే ఉండాలి."

"ఆ నాలుగు వైర్లూ ఉండాలండి."

పాండురంగారావు తెనాలి కేబులు పీకి బర్నబాస్ చేతిలో పెట్టాడు. "నేనే వద్దన్నాను," అన్నాడు. ఆ మాట అతని నోట రావడం జమలయ్య మొదటిసారి విన్నాడు.

మధ్యాహ్నానికి తెనాలి కేబులు ఏడు వైర్లతో తయారైంది. యూనిక్స్‌లో నోటి ఆజ్ఞలు మానుకోమని సెట్టింగు మార్చారు. రెండో కేబులు కోసం బర్నబాస్ రేపల్లె రైలెక్కాడు. చేరేసరికి అక్కడ కరెంటు లేదు, వైర్లు అతికే సోల్డరింగుకు దారి లేదు. కరెంటు గురువారం పొద్దున గాని రాలేదు.

పదింటికి రావలసిన ఆఫీసరు తొమ్మిదింటికే దిగాడు. తెర నల్లగా ఉంది. పాండురంగారావు టిఫిన్ తెప్పించి, పక్క గదిలోకి పోయి రేపల్లెకు ఫోను చేశాడు.

"ఇంకో రెండు వైర్లే మిగిలాయండి," అంది దేవకుమారి. "బయట పెట్టిన బస్తా మాటేంటండి? పద్దెనిమిదా, పందొమ్మిదా?"

పద్దెనిమిదైతే పని జరిగిపోవచ్చు. కానీ ఈ రోజు ఒక బస్తా దాస్తే రేపు ఎన్ని దాయాలి? ఏ రోజు ఏ అంకె వస్తుందోనని ఎన్నాళ్ళు నడవాలి? నడిచి నడిచి అతనికి కాళ్ళు లాగుతున్నాయి.

"లోపల పెట్టించమ్మా. ఉన్నది ఉన్నట్టే పంపు."

ఇరవై నిమిషాలకు మోడెం కూసింది. తెర మీద ఒకటో నంబరు వచ్చింది, రెండో నంబరు వచ్చింది. పాండురంగారావు కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాడు. మూడో నంబరు ఎదురుగా పందొమ్మిది పడింది, కింద నాలుగో నంబరు కూడా పడింది.

"పందొమ్మిదేనా?" అన్నాడు ఆఫీసరు, చట్నీ వేళ్ళు కడుక్కుంటూ. "చాలా తక్కువుందే. మరో వంద పంపిస్తాను. బాపట్ల చూపించండి."

"బాపట్ల లేదండి."

"అయితే అది పొన్నూరుకు," అని ఆఫీసరు రాసుకున్నాడు.

నెల తర్వాత బర్నబాస్ వచ్చాడు. బాపట్ల లైను కోసం వీరరాఘవయ్య తనను పిలిచాడట.

"వెళ్ళండి మాస్టారూ, మీ ఊరేగా. కేబులు సంగతి ఏమన్నాడు?"

"ఏడు వైర్లు కావాలన్నానండి. మూడు చాలు పొమ్మన్నాడు."

"ఎందుకు చాలవో చెప్పారా?"

"అడిగితే అబద్ధం చెప్పే మనిషిని కాదండి. ఇంకా అడగలేదాయన."

పాండురంగారావు కుర్చీలో వెనక్కి వాలి, చాలా రోజుల తర్వాత టీ అడుగు దాకా తాగాడు. ఆఖరికి తేలిన లెక్క: బాపట్ల పోయింది, రేపల్లె మిగిలింది. దానితోపాటు నాలుగు వైర్లు, ఒక తువ్వాలు, వీరరాఘవయ్య నోరు తెరిచి అడిగే దాకా ఎన్ని రోజులైతే అన్ని రోజులు.