దసరా నాటి నీళ్లు

తప్పు చేశానని ఒప్పుకోవడం నాకు బొత్తిగా చేతకాదు. కావాలంటే మా ఆయనను అడగండి, ఆ మాట కోసం పన్నెండేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. కానీ బోరు కొలతలో తప్పితే నోరు మూసుకుని కూర్చోవడం అంతకన్నా చేతకాదు.

మా ఊరు బొంతపల్లి దారిలో ఫ్యాక్టరీల వెనక ఉంటుంది. వానాకాలంలో ఎన్ని నీళ్లు నేలలోకి దిగాయి, యాసంగి పంటకు ఎన్ని తోడుకోవచ్చు అన్న లెక్క చూసేది నేనే. మూడేళ్ల కింద ఒక సంస్థవాళ్లు ఆ పని నేర్పి, నీళ్లు తగలగానే కుయ్యిమనే టేపు ఒకటి నా చేతిలో పెట్టి పోయారు. నెలకోసారి ఇరవై రెండు బోర్లు కొలుస్తాను. మా బావ నర్సన్న, అంటే మా ఆయన అన్న, ఆ టేపును చూసి ఎగతాళి చేస్తాడు. మూడెకరాల వరి ఆయన ప్రాణం. పోయిన యాసంగిలో నా మాట వినకుండా నాటేసి, పొట్టకొచ్చిన చేను నిలువునా ఎండిపోతే పశువులను తోలాడు.

ఈ ఏడు వాన గట్టిగానే కొట్టింది, కాకపోతే మొత్తం నాలుగు రోజుల్లోనే. నేల తాగేలోపే వాగు పాలైంది. అయినా టేపు దించితే బావ బోరులో కూడా నూటపది అడుగులకే కుయ్యిమంది. నీళ్లు అంత పైకున్నాయంటే నమ్మబుద్ధి కాక మర్నాడు మళ్లీ కొలిచాను. అదే లెక్క. పంచాయతీ దగ్గర అందరి ముందూ చెప్పేశాను, ఈసారి వరి పెట్టుకోవచ్చని. బావ నన్ను మెచ్చుకున్నాడు. అబ్బో, నేనెంత పొంగిపోయానో.

దీపావళి దాటాక కొలిస్తే నూట అరవై దాటింది. నోటుపుస్తకంలో పాత కొలతల తేదీలు చూసి తల పట్టుకున్నాను. దసరా మర్నాడు, ఆ మర్నాడు. ఆయుధపూజకు మా ఊళ్లో మోటార్లకు పసుపు కుంకుమ పెట్టి మూడు రోజులు స్విచ్ వేయరు. పొలాల పక్క గోడ అవతలి ఫ్యాక్టరీ కూడా ఐదు రోజులు మూత, దాని ఆరు బోర్లూ బంద్. ఎవరూ తోడకపోతే నీళ్లు పైకి రాక ఏం చేస్తాయి? సెలవుల్లో ఊరిన నీళ్లను చూసి ఊరందరికీ వరి చెప్పాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పరుగున వెళ్లేసరికి బావ ఇంట్లో విత్తన వడ్లు గోనెసంచుల్లో మొలకెత్తి ఉన్నాయి. తెల్లారితే నారు పోస్తాడు.

"బావా, నేను తప్పు సెప్పిన. మూడెకరాలకు నీళ్లు లేవు," అన్నాను.

"ఒకపారి లేవంటవు, ఒకపారి ఉన్నయంటవు. ఏంది నీ లెక్క?" అన్నాడు.

నాకూ ఒళ్లు మండింది. అంత నమ్మకం లేకపోతే పొద్దున నీ బోరు దగ్గరికి వచ్చి నువ్వే కొలుచుకో అని అరిచి వచ్చేశాను.

వస్తాడనుకోలేదు, వచ్చాడు. ఫ్యాక్టరీ మోటార్లు గోడవతల రొద పెడుతున్నాయి. టేపు ఆయన చేతికే ఇచ్చాను. నూటపది దాటింది, నూటఇరవై దాటింది, చప్పుడు లేదు. ఇప్పుడైనా మోగితే బాగుండునని, దీపావళి తర్వాతి నా కొలతే తప్పయితే బాగుండునని నిజంగా కోరుకున్నాను. నూట అరవై రెండుకు కుయ్యిమంది.

బావ బోరుగట్టు మీద చతికిలబడ్డాడు. టేపు మీది అంకె మళ్లీ చూసి అడిగాడు.

"ఎంతకు సాల్తయి?"

"ఎకరం. మిగతాది జొన్న ఎయ్యి."

"జెర సూసి సెప్పు. ఎకరంనర?"

ఆయన మొలకల్లో రెండొంతులు ఇక గేదెల పాలే. అయినా అరెకరం అబద్ధం చెప్పలేకపోయాను.

"ఎకరమే, బావా."

ఆయన టేపు చుట్టి నా చేతిలో పెట్టి, ఇంకా ఎవరెవరు వడ్లు నానబెట్టారని అడిగాడు. తొమ్మిది ఇళ్లవాళ్లని చెప్పాను. చెప్పులేసుకున్నాడు.

"పద, నేను గూడ వస్త. నువ్వొక్కదానివే పోతే తిడ్తరు."

తిట్టనీ, నాకేం భయం అన్నాను. కానీ ఆయనను ఆగమని మాత్రం అనలేదు.