ఎర్రసముద్రం దరువు

మా చర్చిలో హార్మోనియం నాది. అందుకే అదే చర్చిలో మోగే ఎర్రయ్య డప్పంటే నాకు గిట్టేది కాదు. ఆ సంగతి బయటికి చెప్పేవాణ్ణి కాదు. పోచమ్మ ముందు మోగిన తోలు ప్రభువు ఇంట్లో ఎట్లా మోగుతుందని పెద్దలకు నీతులు చెప్పేవాణ్ణి. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర అంటారే, ఆ బాపతు మనిషిని.

వర్ని దగ్గర మా ఊరిని ఆనుకొని నిజాంసాగర్ కాలువ పోతుంది. ఎగువన నీళ్లు వదిలే ముందు ఎర్రయ్యకు కబురు వచ్చేది. అతను నీళ్ల దరువు కొట్టేవాడు. అది చెవిన పడితే కాలువలో ఉన్నవాళ్లు ఉన్నపళంగా గట్టెక్కాలి. పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన దరువది.

అరవై రెండు ఎండాకాలంలో చర్చి పెద్దలు అతనికి తేల్చి చెప్పారు. డప్పయినా వదలాలి, చర్చి అయినా వదలాలి. ఎర్రయ్య రెండూ వదలనన్నాడు. పంచాయితీ నిజామాబాద్‌లో ఉండే, మా చర్చిలన్నిటికీ పెద్దయిన సూపరింటెండెంట్ అయ్యగారి దాకా పోయింది. ఆయన పట్నం మనిషి, మంచివాడే. ఒక గురువారం జీపులో దిగి, "మాటల్లేకుండా నీ డప్పు వాక్యం చెప్పగలదా?" అని అడిగాడు. "ఇశ్రాయేలీయులు సముద్రం దాటిన కథ వాయించు. ఫరో సైన్యం మునిగేదాకా వాయించాలి. సభకు తెలిసేటట్టు చెప్పావంటే నువ్వూ ఉంటావు, డప్పూ ఉంటుంది."

"చెప్తది అయ్యగారు" అన్నాడు ఎర్రయ్య.

చర్చిలో ముప్పై మందిమి ఉన్నాం. మిగతా ఊరంతా కాలువలో పూడిక తీస్తోంది. నా భార్య సాయవ్వ కూడా తట్ట పట్టుకొని అక్కడే ఉంది. కిటికీలోంచి చూస్తే కాలువ గట్టు కనబడుతుంది.

ఎర్రయ్య గడ్డి మంట మీద డప్పు కాచుకొని వచ్చాడు. మొదట బరువుగా, ఆగి ఆగి కొట్టాడు. బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు పోయే నడక అది. ముసలి బాలవ్వ "బయలెల్లిండ్రు" అని గొణిగింది. తర్వాత ఎడమచేతి సన్నపుల్ల ఒక్కటే చకచకా మోగింది. ఎక్కడో దూరంగా గుర్రాలు. కుడిచేతి కర్ర కూడా కలిసేసరికి గుర్రాలు మా వెనక్కే వచ్చినట్టయింది. అతను ఓడిపోతే చూద్దామని కూర్చున్న నాకే లేచి పరుగెత్తాలనిపించింది. అప్పుడు డప్పు అంచు మీద మెల్లగా తట్టాడు. ఆరిన నేల మీద మనుషులు నడిచి దాటుతున్నారు. అయ్యగారు కుర్చీలో ముందుకు జరిగాడు.

ఇక మిగిలింది నీళ్లు.

అప్పుడు తట్టింది నాకు. నీళ్లకు ఎర్రయ్య దగ్గరున్నది ఒక్కటే దరువు. కర్ర ఎత్తిన ఎర్రయ్య కూడా కిటికీ వైపు చూసి ఆగాడు. కాలువలో ఎనభై మంది ఉన్నారు. పైకి రావడానికి ఒకటే ఇరుకు బాట. దరువు వినబడితే ఒకరినొకరు తొక్కుకుంటూ ఎక్కుతారు. అది వట్టిదని తేలితే, రేపు నిజంగా నీళ్లొచ్చిన రోజు ఎవరూ కదలరు. నాకు సాయవ్వే గుర్తొచ్చింది. కొట్టకు ఎర్రయ్యా, కొట్టకు అని లోపల మొక్కుకున్నాను.

ఎర్రయ్య కర్ర దించాడు. డప్పు నేల మీద పెట్టాడు.

"ఫరో మునగలేదే" అన్నాడు అయ్యగారు.

"కాల్వల మంది ఉన్నరు అయ్యగారు. ఇగ కొట్టరాదు."

పట్నం మనిషికి ఏం అర్థమవుతుంది? ఆయన నా వైపు తిరిగాడు. "ఏమంటున్నాడు వీరస్వామీ?"

ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట చెబితే నా హార్మోనియం పక్కన డప్పు ఎప్పటికీ ఉండిపోయేది.

"ఆఖరుది మర్సిపోయినట్టున్నడు అయ్యగారు" అన్నాను.

దరువు సంగతి ముప్పై మందికీ తెలుసు. పెద్దలకు కావలసింది నా మాటే. మిగిలినవాళ్లు పెద్దల ముఖాలు చూసి ఊరుకున్నారు. ఎర్రయ్య నన్ను ఒకసారి చూశాడు. డప్పు భుజానికి తగిలించుకొని మెట్లు దిగాడు. అయ్యగారు బాధపడుతూనే చర్చి పుస్తకంలో అతని పేరు కొట్టేసి జీపెక్కాడు.

పొద్దుగూకే వేళకు సాయవ్వ మోకాళ్ల దాకా మట్టితో వచ్చింది.

"ఎర్రన్న గుర్రాలు కాల్వ దాక ఇనొచ్చినయి" అంది. "గుర్రాల ఎనుక సముద్రం అస్తదని ఎరుకే గద. గది కథదైనా సరే, ఆ దరువు పడ్డంక కాళ్లు ఆగయి. నర్సింలు పెండ్లాం నిండు నెలలది, ఎట్లెక్కుతదో అని అందరం పానం బిగవట్టి నిలవడ్డం. ఎర్రన్న కొట్టలే. బతికిచ్చిండు. అయ్యగారు మెచ్చిండా?"

"మెచ్చలే."

"ఎందుకు?"

ఒక అబద్ధం ఆడినవాడికి రెండోది ఎంతసేపు? అయినా నోరు రాలేదు. నేనేమన్నానో చెప్పాను.

సాయవ్వ కాళ్లు కడుక్కోకుండానే గడప మీద కూర్చుంది.

"పోయి చెప్పు" అంది.

"జీపు ఎప్పుడో పోయింది."

"బోధన్ బస్సు ఇంక పోలే. ఆడికెల్లి నిజామాబాద్ పో."

నేను అంగీ తొడుక్కున్నాను. బస్సు ఆగే చోటికి ఎర్రయ్య ఇంటి ముందు నుంచే పోవాలి.